ఇంటికో జత డబ్బు పురుగులు

సియోల్ పక్కన ఇంచాన్‌లో మాకు కొత్త అపార్ట్‌మెంట్ వచ్చిన ఆ వేసవిలో నేను భయపడని పూట లేదు. సంతోషపడని పూట కూడా లేదు. మూడో అంతస్తు కిటికీలోంచి మా పిల్ల హ్యేరాన్ ఎక్కడ తొంగిచూస్తుందోనని గడియలకి నవారు కట్టాను. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తుంటే గోడ వెనక ఏదో పేలిపోతుందని చెవి ఒగ్గి వినేదాన్ని. అయినా మా ఆయన ఓడరేవు పనికి వెళ్ళగానే ఆ నున్నటి నేల మీద ఉత్తకాళ్ళతో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగేదాన్ని. పొయ్యిలో బొగ్గు దిమ్మలు మార్చే పని తప్పిపోయిన ఉదయాలని ఏం చేసుకోవాలో తెలియక నాలో నేనే నవ్వుకునేదాన్ని.

మా మెట్ల వరసలో పది ఇళ్ళు. కింద మెట్ల పక్కన ఒక గది ఖాళీగా ఉండేది. అందులో వండిన కూరలు అమ్మే కొట్టు పెడితే బాగుంటుందని ఆడవాళ్ళందరి మాట. నేను చేసే తామరదుంపల కూర, ఎండు నెత్తళ్ళ వేపుడు అప్పటికే ఇరుగుపొరుగు నోళ్ళలో పడ్డాయి. అయినా గది అందరిదీ కాబట్టి, చుసోక్ పంటల పండగకి ముందు జరిగే మీటింగులో అందరూ ఒప్పుకుంటేనే తాళం చెయ్యి నా చేతికొస్తుంది. పెళ్ళయ్యాక నాకంటూ ఒక తలుపు, నేను తెరిచి నేను మూసుకునేది, ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. అందుకే రోజుకి నాలుగుసార్లు ఏదో వంకన కిందికి దిగి, ఆ గది కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూసొచ్చేదాన్ని.

మేం దిగిన వారానికే మా అత్తగారు జంగ్‌సన్ కొండల్లోంచి మా దగ్గర ఉండిపోవడానికి వచ్చింది. బస్సులో అంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, గుడ్డతో మూతి కట్టిన సొరకాయ బుర్ర ఒకటి.

"అందులో ఏముందత్తయ్యా?" అన్నాను.

"విత్తనం" అంది.

గుమ్మడి విత్తనాలేమో, ఈ సిమెంటులో ఎక్కడ పాతుతుందా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఎర్ర చిక్కుళ్ళు పరిచి, బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి, తొక్ చేసింది. కొత్త ఇంట్లో దిగినవాళ్ళు ఇంటింటికీ తొక్ పంచాలి. ఆ పని నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. పళ్ళేలన్నీ తనే మోసుకెళ్ళింది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. ఉత్త పళ్ళెం వెనక్కి ఇవ్వరుగా, ఒకదాంట్లో గుడ్లు, ఒకదాంట్లో ఎండు చేప, ఒకదాంట్లో పుచ్చకాయ ముక్కలు.

"ఇంతసేపేంటత్తయ్యా, మెట్ల మీద పడ్డారేమోనని ప్రాణం పోయింది నాకు."

"అందరూ లోపలికి పిలిచారే అమ్మాయ్. ఒక్కో వంటింట్లో కాసేపు కూర్చుని వచ్చా. మంచివాళ్ళు."

ఆ మాటకి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. కొట్టు నాదేనని అప్పుడే లోపల ఏదో చెప్పింది.

*

వానలు మొదలైన వారంలో బాత్రూం తూములోంచి మొదటి బొద్దింక వచ్చింది. నా బొటనవేలంత ఉంది. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నేను అరిచిన అరుపుకి కింది అంతస్తువాళ్ళు గ్యాసు పేలిందనుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ రాత్రి హ్యేరాన్ చెవుల్లో దూదులు పెట్టి పడుకోబెట్టాను. బొద్దింక చెవిలో దూరితే మెదడు దాకా వెళ్తుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు. ఎవరూ అనలేదేమో కూడా.

తర్వాత రిఫ్రిజిరేటర్ వెనక చిన్నవి కనిపించాయి. గోరంత, లేత గోధుమరంగు. పెద్దదాని పిల్లలని నా లెక్క. తల్లులు తూములోంచి వస్తున్నాయి కాబట్టి తూము మూస్తే పిల్లలూ పోతాయని, బాత్రూం తూముకి, వంటింటి తొట్టి రంధ్రానికి సన్నటి ఇనుప జల్లెడలు బిగించాను. గొట్టం గోడలోకి దూరే చోట సిమెంటు మెత్తాను. పెద్దవి రావడం ఆగిపోయింది. చిన్నవి ఇంకా ఎక్కువయ్యాయి.

ఆ నెల మీటింగు దొక్సూ అమ్మ ఇంట్లో జరిగింది. ఆవిడే మా మెట్ల వరసకి పెద్ద. సియోల్‌లో పుట్టి పెరిగిన మనిషి, మాట కత్తిలా ఉంటుంది. అందరం పురుగుల గోడు వెళ్ళబోసుకున్నాం.

"వానల్లో పురుగులు రాక పూలొస్తాయా" అంది దొక్సూ అమ్మ. "మందు కొట్టుకోండి. డబ్బు పురుగు జోలికి మాత్రం పోకండి. అది ఇంట్లో ఉంటే మనకే మంచిది."

అందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది మా అత్తగారు. "బాగా చెప్పావు తల్లీ" అని మోకాలు చరుచుకుంది కూడా.

ఇంటికొచ్చాక అడిగాను. "అత్తయ్యా, డబ్బు పురుగంటే ఏది?"

నన్ను రిఫ్రిజిరేటర్ దగ్గరికి తీసుకెళ్ళి, గోడకి అంటుకుని ఉన్న చిన్నదాన్ని చూపించింది. "ఇదే. మెడ మీద రెండు నల్లచారలు, కనిపించాయా? వెనకాల చూడు, సంచి. డబ్బుసంచి లేకుండా ఇల్లు కదలదు ఇది."

నిజమే. దాని వెనక చిన్న గింజలాంటి సంచి వేలాడుతోంది.

"ఇవి ఆ నల్లవాటి పిల్లలు కావా?"

"గాడిదకి కోడిపిల్ల పుడుతుందా ఏంటి?"

అయినా నా అనుమానం తీరలేదు. ఆ వేసవి సెలవుల్లో హ్యేరాన్‌కి బడిలో పురుగులు పట్టి అట్టపెట్టెలో గుచ్చి తెమ్మని పని ఇచ్చారు. తూనీగలు, ఇలకోళ్ళతో పాటు నా ప్రాణం తియ్యడానికన్నట్టు బొద్దింకలు కూడా గుచ్చిపెట్టింది. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ పెట్టె దగ్గర కూర్చున్నాను. పెద్దదానికి రెక్కలున్నాయి. సరే. గోరంత చిన్నదానికి కూడా, వీపు మీద ముడిచిన రెక్కలు, నిండుగా ఉన్నాయి. పక్కనే ఇంకా చిన్నది, నల్లగా, రెక్కల్లేనిది. కోడిపిల్లలకి ఈకలెప్పుడొస్తాయో పల్లెటూరి దాన్ని నాకు తెలియదా. రెక్కలొచ్చిందంటే అది పిల్ల కాదు, ఎదిగిన జీవం. దాని ఎదుగుదల అంతే. అంటే ఇది వేరే జాతి.

నాకొక పెద్ద చదువు చదివినంత సంబరం వేసింది. నలుపువి బొద్దింకలు, చారలవి డబ్బు పురుగులు. ఇక భయమెందుకు? జల్లెడలు బిగించి నల్లవాటిని ఆపాను. చారలవాటిని మాత్రం ముట్టుకోలేదు. అవి రోజురోజుకీ పెరుగుతుంటే నా గుండె కూడా ఉబ్బేది. కొట్టు తలుపు నా చేతికి రావడానికి ఇంతకన్నా మంచి గుర్తేముంటుంది అనుకున్నాను.

*

దొక్సూ అమ్మ ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చింది.

"కొట్టు సంగతి తేల్చే ముందు నీ వంటిల్లు ఒకసారి చూద్దామని" అంది. "ఏమనుకోకు హ్యేరాన్ అమ్మా. తిండి వ్యవహారం."

"అనుకోవడానికేముందక్కా" అని బార్లీ టీ పెట్టాను. లోపల ఉత్సాహంగానే ఉంది. గిన్నెలు మెరుస్తున్నాయి, జల్లెడలు చూపించాను, గొట్టం చుట్టూ సిమెంటు చూపించాను. ఆవిడ మెచ్చుకోలుగా తలూపుతోంది. అప్పుడే గోడ మీద పొడుగు కాళ్ళ జెర్రి ఒకటి సరసరా పాకింది. మా అత్తగారు బాత్రూం చెప్పు తెచ్చి ఒక్కటే దెబ్బ వేసింది.

"అదేంటి పెద్దమ్మా" అని లేచింది దొక్సూ అమ్మ. "డబ్బు పురుగుని చంపేశారేం?"

"ఇదా డబ్బు పురుగు?" అత్తగారు చెప్పు తిప్పి చూసింది. "ఇది జెర్రి తల్లీ. ఇన్ని కాళ్ళున్నదాని దగ్గర డబ్బేం నిలుస్తుంది? జోళ్ళు కొనడానికే చాలదు."

"సియోల్‌లో డబ్బు పురుగంటే ఇదే పెద్దమ్మా. బొద్దింక పిల్లల్ని పట్టి తినేది ఇదే. అందుకే చంపొద్దన్నది."

"మీ సియోలు మీది. మా కొండల్లో డబ్బు పురుగంటే ఇదిగో" అని అత్తగారు రిఫ్రిజిరేటర్‌ని ఒక పక్కకి జరిపింది.

గోడంతా కదిలింది.

దొక్సూ అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి పెద్దమ్మా?"

"నేనే తెచ్చాను, బుర్రలో పెట్టుకుని. అంత దూరం బస్సులో, చావకుండా." ఆవిడ గొంతులో గర్వం. "మీకూ ఇచ్చానుగా, తొక్ తెచ్చిన రోజున. పొయ్యి పక్కన వదిలాను. ఇంటికో జత. నువ్వు పెద్దదానివని మీ ఇంట్లో సంచి ఉన్నదాన్ని ఏరి మరీ వేశాను."

"మా రైస్ కుక్కర్‌లో దూరినవి ఇవన్నమాట" అంది దొక్సూ అమ్మ. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. కప్పులో టీ సగం అలాగే ఉంది.

తలుపు మూసుకున్నాక నా కళ్ళ ముందు కొట్టు పోయింది. దాని వెనకే ఇల్లు పోయింది. మమ్మల్ని ఖాళీ చెయ్యమంటారు. ఓడరేవులో మా ఆయన్ని బొద్దింకల మొగుడంటారు. హ్యేరాన్ పక్కన బడిలో ఎవరూ కూర్చోరు. ఇంకో ఇరవై ఏళ్ళకి దాన్ని చూడవచ్చినవాళ్ళు కూడా ఈ సంగతి విని వెనక్కి వెళ్ళిపోతారు. ఇన్ని ఆలోచించుకుని, పిల్లని ఎత్తుకున్నట్టు ఆ పురుగుల అట్టపెట్టెని చంకన పెట్టుకుని, మందుల షాపుకి పరుగెత్తాను.

షాపాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "రెండూ బొద్దింకలేనమ్మా" అన్నాడు. "ఈ పెద్ద నల్లది తూముల్లో, తడిలో బతికేది. ఇంట్లోకి చుట్టపుచూపుగా వస్తుంది. దారి మూశారు, పోయింది. ఈ చారలది చుట్టం కాదు, కాపురముండేది. ఇంట్లోనే పుడుతుంది, ఇంట్లోనే చస్తుంది. దానికి వెచ్చదనం, మెతుకు, నీటిచుక్క, ఇంత సందు ఉంటే చాలు."

"మరి ఆ సంచిలో..."

"పిల్లలు. ముప్పై, నలభై. పెద్దవి తమ సంచిని ఎక్కడో అంటించేసి పోతాయి. ఇది మాత్రం పిల్లలు బయటికొచ్చే వేళ దాకా మోసుకు తిరుగుతుంది."

ఆ సంగతి విని, చెప్పకూడదు గానీ, ఒక్క క్షణం దాని మీద జాలేసింది.

"మందు కొట్టమంటారా?"

"ఒక్క ఇంట్లో కొడితే గోడ సందుల్లోంచి పక్కింటికి పోతాయి. పదిళ్ళూ ఒకే రోజు ఎర పెట్టాలి. బోరిక్ పొడి ఇస్తాను. తినే వస్తువులో కలపండి. అవి ఇష్టపడి తినాలి, అదీ అసలు కష్టం. ఇంట్లో ఇంకే తిండీ దొరక్కూడదు. పిల్లలకి అందనివ్వకండి."

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింటి నేల మీద కూర్చుని ఉంది. దొక్సూ అమ్మ టీ ఎందుకు సగంలో వదిలేసిందో అప్పటికి ఆవిడకి కొంత అర్థమైనట్టుంది, కొంత కానట్టుంది.

"మా ఊళ్ళో చలికి అన్నీ చస్తాయే అమ్మాయ్" అంది. "ఏ ఇంట్లో పొయ్యి ఆరదో, ఏ గాదెలో గింజ ఉంటుందో, ఆ ఇంట్లోనే ఇవి బతికేవి. మా ఇంట్లో ఎన్నడూ లేవు. నీ మొగుడు పుట్టిన చలికాలంలో కూడా లేవు. నువ్వు ఇంత పెద్ద ఇంటికొచ్చావంటే, పక్కూరి మోతుబరి ఇంటికెళ్ళి అడిగి పట్టుకొచ్చాను."

నేను దార్లో ఎన్నో మాటలు పోగేసుకుంటూ వచ్చాను. అవన్నీ వదిలేసి, షాపాయన ఎర కలిపి పెట్టమన్న సంగతి చెప్పాను.

"ఇక్కడ అన్ని ఇళ్ళూ వెచ్చగానే ఉన్నాయి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అరచేయి, కింద వేడినీళ్ళ గొట్టాలున్న ఆ నేలకి ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత లేచి, "ఏం కలపమన్నాడు ఆ మందులాయన?" అని అడిగింది.

ఇక మా ఇద్దరికీ ఎక్కడలేని హుషారూ వచ్చింది. బంగాళాదుంపలు ఉడకబెట్టి మెదిపాను. పంచదార కలిపితే ఎంగిలి చేసి వదిలేశాయి. గుడ్డు పచ్చసొన కలిపితే కొంచెం దగ్గరికొచ్చాయి. ఉల్లిపాయ తురిమి రసం పిండి, ఎండు నెత్తళ్ళ పొడి వేయించి, బోరిక్ పొడితో కలిపి పెడితే, పట్టపగలు సందులోంచి బయటికొచ్చి తిన్నాయి.

"వాటికి నీ చేతి రుచి తెలిసిపోయిందే" అంది అత్తగారు.

హ్యేరాన్ ఎక్కడ నోట్లో వేసుకుంటుందోనన్న భయంతో ముద్దలకి నీలం సిరా కలిపాను. సీసా మూతల్లో పెట్టి, చెయ్యి దూరని చోటే ఉంచేలా ఇంటింటికీ పట్టుకెళ్ళాం. ఆవిడ ముందు, నేను వెనక. తొక్ పంచినప్పుడు ఆవిడ ఎక్కడెక్కడ కూర్చుందో ఆవిడకే గుర్తుంది. "మీ పొయ్యి పక్కన, ఆ సందులో" అని వేలు పెట్టి చూపించేది. ఎందుకలా తెలుసని ఎవరూ అడగలేదు. దొక్సూ అమ్మ ఎవరికీ చెప్పలేదన్నమాట. మందులాయన మాటలు నేను వెళ్ళి చెప్తే, ఆవిడే పదిళ్ళకీ కబురు పంపింది. ఎవరూ మందు కొట్టొద్దు, తిన్న గిన్నెలు తొట్టిలో వదలొద్దు, తొట్టి తుడిచి పడుకోండి, చెత్త బుట్టకి మూత పెట్టండి, కొట్ల నుంచి తెచ్చిన అట్టపెట్టెలు గుమ్మం బయటే పారెయ్యండి. రిఫ్రిజిరేటర్లు జరిగాయి, పాత వార్తాపత్రికల కట్టలు కిందికి దిగాయి, గోడ పగుళ్ళు మూసుకున్నాయి. మెట్ల మీద ఎదురైనవాళ్ళు అన్నం తిన్నారా అని అడగడం మానేసి "మీ ఇంట్లో ఎన్ని?" అనేవాళ్ళు. ఊడ్చినప్పుడల్లా చేట నిండా పడేవి. తర్వాత పిడికెడు. చుసోక్ దగ్గరపడే వేళకి, అయిదో అంతస్తు మిన్‌గు అమ్మ మెట్ల మీంచే కేకేసింది, నిన్నంతా ఒక్కటీ కనపడలేదని. నాకు దుమకాలనిపించింది. పాత సంచుల్లో పిల్లలు ఇంకా మిగిలి ఉంటాయని గుర్తొచ్చి దుమకలేదు. ఇంకో విడత ఎర కలిపాను.

*

మీటింగులో కొట్టు మాట వచ్చింది. అందరూ నవ్వుతూనే ఉన్నారు. దొక్సూ అమ్మ నా వైపు చూడలేదు, మా అత్తగారి వైపు కూడా చూడలేదు. "హ్యేరాన్ అమ్మకి ఇద్దామా, ఎవరికైనా అడ్డుందా?" అంది.

మౌనంగా ఉండి ఉంటే అయిపోయేది. మా అత్తగారు గొంతు సవరించుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టి లాగాను. వదిలించుకుంది.

"ఆ పురుగుల్ని తెచ్చింది నేను" అంది. "మీ ఇళ్ళలో వేసింది కూడా నేనే. మంచి జరుగుతుందని వేశాను. కోడలికి తెలీదు. ఇది తెలిశాక ఇవ్వండి, ఇవ్వాలనుంటే."

అందరి తలలూ ఆవిడ వైపు తిరిగాయి.

"తొక్‌తో పాటా?" అంది మిన్‌గు అమ్మ.

"తొక్‌తో పాటే."

"నేను రెండు ముక్కలు తిన్నాను కూడా."

"తొక్‌లో వెయ్యలేదమ్మా, పొయ్యి దగ్గర వేశాను. తొక్ శుభ్రమే."

ఎవరో కిసుక్కుమన్నారు. మిన్‌గు అమ్మ నవ్వలేదు. "బొద్దింకలు తెచ్చిన ఇంట్లోంచి కూరలు కొనుక్కు తినమంటారా? నా వల్ల కాదు బాబూ" అంది. రెండో అంతస్తు ఆవిడ, "కొండ మనుషులు, ఇంకేం తెచ్చారో" అని పక్కకి తిరిగి గొణిగింది. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అదిగో, అనుకున్నంతా అయిందనుకున్నాను. నా భయాల్లో నిజమైంది అదొక్కటే, అది కూడా సగమే.

"ఒక్కటి అడుగుతాను" అంది దొక్సూ అమ్మ. "ఇవాళ మన పదిళ్ళలో రిఫ్రిజిరేటర్ వెనక ఏముందో చూడకుండా చెప్పగలిగేది ఎవరు? నేను చెప్పలేను. హ్యేరాన్ అమ్మ చెప్తుంది. భయస్తురాలు, పూటకోసారి చూస్తుంది. నాకు అలాంటి మనిషి వండిన కూరే కావాలి." తర్వాత నా వైపు తిరిగింది. "కానీ ఊరికే ఇవ్వం. మనలో ఎవరైనా, ఎప్పుడైనా, చెప్పకుండా లోపలికొచ్చి నీ పొయ్యి జరిపి చూస్తాం. కాదనకూడదు."

"రోజూ రండక్కా" అన్నాను. అంత మనస్ఫూర్తిగా నేను ఎప్పుడూ ఏ మాటా అనలేదు. నాతో పాటు ఇంకో తొమ్మిది జతల కళ్ళు వెతుకుతాయంటే, భయపడే దానికి అంతకన్నా ఏం కావాలి.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు, మిన్‌గు అమ్మ ఎత్తలేదు. మళ్ళీ అడ్డూ చెప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

కొట్టు తెరిచిన మొదటి ఉదయం, గిన్నెల మీద మూతలు ఇంకా తియ్యకముందే లోపలికొచ్చింది ఆవిడే, మిన్‌గు అమ్మ. చేతిలో టార్చిలైటు ఉంది. కూరల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తిన్నగా వెనక్కెళ్ళి, మా అత్తగారిని పక్కకి తప్పుకోమని, పొయ్యి జరిపింది. రిఫ్రిజిరేటర్ జరిపింది. మోకాళ్ళ మీద వంగి గోడ మూల దాకా లైటు వేసి, తొట్టి కింద చెయ్యి పెట్టి తడిమి, ఆ వేళ్ళని వెలుతురులో పెట్టుకుని చూసుకుంది.

ఆవిడ లేచి, మోకాళ్ళు దులుపుకోబోయి, దులపడానికేమీ లేక ఆగింది.

"తామరదుంపలు" అంది. "ఇద్దరికి సరిపడా కట్టు."